ముప్పై ఏడో నంబరుకి నేను వేసిన హాజరు

ఆ రోజు పొద్దున ఏడుంబావుకి నేనొక అబద్ధం రాశాను. రెండే అంకెలు. ఫోనులో మా కాలేజీ గ్రూపు తెరిచి 37 అని కొట్టి పంపాను. ఆ నంబరు నాది కాదు. నాది 36. ముప్పై ఏడో నంబరువాడు ఆ పొద్దున ఎలా ఉన్నాడో నాకు తెలియదు. తెలియకుండానే ఉన్నాడని రాశాను.

మేం నరసరావుపేటలో బీకాం చదివి నలభై ఏళ్లు దాటింది. గ్రూపులో ఇరవై ముగ్గురం. కరోనా మొదటి ఏడాది కషాయం చిట్కాలు, పూలగుత్తుల బొమ్మలు పంపుకుంటూ గడిచిపోయింది. రెండోసారి వచ్చినప్పుడు మాలో ఒకడు పోయాడు. ఆ సంగతి మాకు అయిదో రోజున తెలిసింది. ఆ అయిదు రోజులూ మేం గ్రూపులో వాడు పంపిన పాత జోకుల కింద నవ్వు బొమ్మలు పెడుతూనే ఉన్నాం.

అప్పుడు నాలుగో నంబరు ఒక పద్ధతి పెట్టింది. ఆమె రిటైరైన హెడ్మిస్ట్రెస్. మా క్లాసులో ఆడపిల్లలు అయిదుగురే, రోల్ నంబర్లు వాళ్ల దగ్గర మొదలయ్యేవి. చదివిన మూడేళ్లలో నేను ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రోజుల్లో మాట్లాడేవాళ్లం కాదు. అరవై దాటాక ఇప్పుడు ఆమె నన్ను "ముప్పై ఆరు గారూ" అని పిలిచేది. ఆమె పెట్టిన పద్ధతి ఇదీ: రోజూ తొమ్మిదిలోపు ప్రతివాళ్లూ తమ పాత రోల్ నంబరు గ్రూపులో పెట్టాలి. ఆమె ఒక పొడుగు నోటుబుక్కులో టిక్కు పెట్టుకుంటుంది. నంబరు రాకపోతే ఫోన్ చేస్తుంది. ఎత్తకపోతే ఆ ఊళ్లో తెలిసినవాళ్లెవరో వెతికి ఇంటికి మనిషిని పంపిస్తుంది.

"గుడ్ మార్నింగులు నాకొద్దు. నంబరు చాలు," అంది.

ముప్పై ఏడు దగ్గర టచ్ ఫోన్ లేదు. రైల్వేలో బుకింగ్ క్లర్కుగా చేసి, నడికుడిలోనే రిటైరై, స్టేషనుకి దగ్గర్లో రెండు గదుల పోర్షన్లో ఉండేవాడు. పిల్లల్లేరు. భార్య పోయి నాలుగేళ్లు. బటన్ ఫోను తప్ప ఇంకోటి ముట్టుకోనని మొండికేశాడు. అందుకని వాడూ నేనూ ఒక ఏర్పాటు చేసుకున్నాం. పొద్దున ఏడింటికి వాడు నాకు మిస్డ్ కాల్ ఇస్తాడు. నేను వాడి నంబరు గ్రూపులో పెడతాను.

మాకిది కొత్త కాదు. కాలేజీ రోజుల్లో వాడిది మాచవరం. ఆ బస్సు ఏనాడూ మొదటి పీరియడుకి అందేది కాదు. లెక్చరరు తలెత్తకుండా నంబర్లు చదువుతుంటే ముప్పై ఆరుకి నా గొంతుతో పలికి, ముప్పై ఏడుకి కొంచెం ముక్కుతో పలికేవాణ్ణి. మూడేళ్లూ వాడికి హాజరు తక్కువ కాలేదంటే అది నా ముక్కు చలవే. గ్రూపులో ఆ కథ చెప్పుకుని చానాసార్లు నవ్వుకున్నాం.

నేనా అబద్ధం రాయడానికి ముందురోజు, గురువారం, వాడు మిస్డ్ కాల్ ఇవ్వలేదు. పూర్తిగా మోగనిచ్చాడు. ఎత్తాను.

"ఏందిరా, డబ్బులు ఎక్కువయ్యాయా?" అన్నాను.

"గొంతు గరగరగా ఉందిరా," అన్నాడు. ఆ తర్వాత దగ్గాడు. అది మామూలు దగ్గు కాదు. ఎక్కడో లోపల మొదలై, ఆగి, మళ్లీ మొదలైంది. ఫోను చెవికి కొంచెం దూరంగా పట్టుకున్నాను. దగ్గు ఫోనులోంచి అంటుకుంటుందన్నట్టు.

"మిరియాల పాలు తాగు. ఏం కాదులే," అన్నాను.

"ఒంట్లో కూడా వెచ్చగా..."

"గేటు దగ్గర ఎవరో వచ్చారురా, మళ్లీ చేస్తా."

గేటు దగ్గర ఎవరూ లేరు. మళ్లీ చెయ్యలేదు.

శుక్రవారం ఏడైంది, ఏడుంబావైంది, ఫోను మోగలేదు. నేను చెయ్యాల్సింది ఒక్కటే. వాడికి ఫోన్ చెయ్యాలి. కానీ చేస్తే తెలుస్తుంది. తెలిస్తే నరసరావుపేట నుంచి నడికుడి వెళ్లాలి. మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ, నాకు అరవై రెండు, ఇంట్లో ఆవిడకి షుగరు. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్నవి. ఆవిడని అడిగితే వెళ్లమనేదేమో. అందుకే అడగలేదు. 37 అని పెట్టేశాను. నాలుగో నంబరు ఎప్పటిలాగే బొటనవేలు బొమ్మ పెట్టింది.

శనివారం కూడా మోగలేదు. 37 అని పెట్టాను. ఆ రోజు మొదటి రోజంత కష్టమనిపించలేదు. అది రాయడానికే ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంది. నేను ముప్పై ఏళ్లకి పైగా రిజిస్ట్రారాఫీసు ఎదుట దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. కళ్లతో చూడకుండా సాక్షి సంతకం పెట్టబోయినవాళ్లని ఎంతమందిని కసిరానో.

ఆదివారం మూడోసారి పెట్టాను. ఆదివారాలు నాలుగో నంబరు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి గొంతు వింటుంది. పదిన్నరకి నాకు చేసింది.

"ముప్పై ఆరు గారూ, మీ పక్కనాయన ఫోన్ స్విచ్ ఆఫ్ అని వస్తోందేంటి? పొద్దున మీతో మాట్లాడారా?"

"మాట్లాడాడండీ. ఛార్జింగు అయిపోయుంటుంది."

"ఏమన్నారు?"

ఒక్క మాట కల్పించి చెప్తే సరిపోయేది. నోటికి రాలేదు. ఆమె ఇంట్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడింది.

"ముప్పై ఆరూ, ఏమన్నాడు?" అని మళ్లీ అడిగింది. ఈసారి గారు లేదు.

నేనేమీ అనకముందే పెట్టేసింది.

ఆ తర్వాత జరిగింది నేను చేసింది కాదు, ఆమె చేసింది. దాచేపల్లి దగ్గర నర్సుగా పనిచేస్తున్న తన పాత విద్యార్థినిని పట్టుకుంది. ఆ అమ్మాయి స్కూటీ మీద నడికుడి వెళ్లింది. తలుపు లోపల గడియ పెట్టి ఉంటే పక్కవీధివాళ్లని పిలిచి గడియ ఊడగొట్టించింది. వాడు మంచం మీద ఉన్నాడు. చెయ్యి అందే దూరంలో మంచినీళ్ల చెంబు ఖాళీగా ఉంది. తల కింద ఫోను ఆగిపోయి ఉంది. నూట ఎనిమిదిలో గుంటూరు తీసుకెళ్లారు. ఇంకొక్క పూట ఆలస్యమైతే కష్టమయ్యేదని అక్కడ అన్నారట.

పంతొమ్మిది రోజులకి ఇంటికొచ్చాడు. ఆ పంతొమ్మిది రోజుల్లో నేను ఇంకో తప్పు చేశాను. గ్రూపులో ఎవరో రాశారు: "ముప్పై ఆరు రోజూ కనిపెట్టుకుని ఉండబట్టి సరిపోయింది. స్నేహమంటే అదీ." దాని కింద పదిమంది దణ్ణాలు పెట్టారు. నేనూ తిరిగి ఒక దణ్ణం బొమ్మ పెట్టాను.

ఆ సాయంత్రమే నాలుగో నంబరు ఫోన్ చేసింది.

"ముప్పై ఏళ్లు పిల్లల అటెండెన్స్ తీసుకున్నదాన్ని. ప్రాక్సీ ఎవరు పలికారో నాకు తెలియదా? నేను ఎవరికీ చెప్పను. చెప్పాల్సింది నువ్వు."

అన్నీ తెరిచి, బస్సులు తిరగడం మొదలైన వారంలో నడికుడి వెళ్లాను. పిడుగురాళ్ల దాటేదాకా సున్నపు బట్టీల పొగ కిటికీలోంచి వస్తుంటే, ఇక్కడ దిగి వెనక్కి పోదామా అని రెండుసార్లు అనిపించింది.

వాడు అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. చొక్కా వేరే మనిషిదిలా వేలాడుతోంది. నన్ను చూసి లేవబోయి, ఆయాసం వచ్చి కూర్చున్నాడు.

"రారా. ఆ మూడు రోజులూ ఎన్నిసార్లు చేశావో ఏమో, ఫోను చచ్చి ఊరుకుంది. లేచి ఛార్జింగు పెట్టడానికి ఓపిక లేకపోయింది. వాడు చేస్తూ ఉంటాడు, వస్తాడు అనుకుంటా పడున్నా."

నేను చెప్పులు విప్పకుండానే మెట్టు మీద కూర్చున్నాను. ఫోను తీసి గ్రూపు వెనక్కి జరిపి ఆ మూడు రోజులవీ చూపించాను. వాడు కళ్లజోడు పెట్టుకుని చూశాడు. 37. 37. 37.

"ఇదేంది?"

"నేను పెట్టాను. నీకు చెయ్యలేదు. ఒక్కసారి కూడా చెయ్యలేదు."

కాసేపు చూసి ఫోను నా చేతికిచ్చాడు.

"చావబోతున్నా కూడా హాజరు వేశావన్నమాట. ముక్కుతో పలికావా?" అన్నాడు.

నవ్వలేకపోయాను. వాడూ నవ్వలేదు.

"గురువారం దగ్గు విన్నావా?"

అది వాడు అడగకపోతే బాగుండునని బస్సులో వచ్చేటప్పుడంతా అనుకున్నాను.

"విన్నాను."

"గేటు దగ్గర ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు."

వాడు వీధివైపు తిరిగి కూర్చున్నాడు. గూడ్సు బండి ఒకటి వెళ్లింది. పెట్టెలు లెక్కపెడుతున్నట్టు అది అయిపోయేదాకా అటే చూశాడు. అలవాటు కాబోలు.

"టీ నేను పెట్టలేను. లోపల పాలున్నాయి, నువ్వే పెట్టు," అన్నాడు చివరికి.

పెట్టాను. ఇద్దరం తాగాం. క్షమించానని వాడు అనలేదు. నేను అడగలేదు.

ఆ సాయంత్రం బస్టాండులో కూర్చుని గ్రూపులో ఉన్నదున్నట్టు రాశాను. దగ్గు విన్నానని, భయపడ్డానని, మూడు రోజులు చూడకుండా నంబరు పెట్టానని, మీ దణ్ణాలు తీసుకున్నానని. ఒకడు "ఛీ" అని రాసి తుడిపేశాడు. తుడిపేసినా నేను చూశాను. వాడు రాసింది న్యాయమే. ఆ తర్వాత నాలుగో నంబరు రాసింది: "రేపటి నుంచి మామూలే. తొమ్మిదిలోపు." అంతే.

అప్పటి నుంచి మిస్డ్ కాల్ పద్ధతి ఆపేశాను. రోజూ ఏడింటికి నేనే చేస్తాను. వాడు ఎత్తి రెండు మాటలు మాట్లాడాకే నంబరు పెడతాను. మొదట్లో "ఉన్నా" అని మాత్రమే అనేవాడు. నెల తర్వాత నరసరావుపేటలో ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించుకోవడానికి వచ్చినప్పుడు, మా ఇంట్లోనే దిగాడు. ఆవిడకి నేను అప్పటికే అంతా చెప్పాను. వాడికి అన్నం పెడుతూ ఆవిడ, "అన్నయ్యా, ఈయన్ని ఇంకో రెండు తిట్టండి, తక్కువైంది," అంది. వాడు ఆ రోజు నవ్వాడు.

కరోనా మూడోసారి వచ్చిందన్నప్పుడు, చలికాలంలో, ఒక పొద్దున చేస్తే స్విచ్ ఆఫ్ వచ్చింది. మళ్లీ చేశాను. మళ్లీ అదే. ఈసారి ఆలోచించడానికి నాకు నేను టైము ఇచ్చుకోలేదు. మాస్కు రెండు వరసలు కట్టుకుని బండి తీశాను. మంచులో చేతులు కొంకర్లు పోయాయి. నడికుడి చేరేసరికి తొమ్మిదిన్నర. గేటు తోసి తలుపు మీద రెండు చేతులతో బాదాను.

వెనకవైపు నుంచి తువ్వాలు కట్టుకుని, ఒంటినిండా సబ్బుతో వచ్చాడు.

"ఏందిరా, తలుపు విరగ్గొడతావా? ఇప్పటికే ఒకసారి గడియ మార్పించుకున్నా!"

"ఫోను..."

"రాత్రి నుంచి కరెంటు లేదు." నా మొహం చూశాడు. "పేట నుంచి బండి మీద వచ్చావా?"

తల ఊపాను. ఊపిరి ఆడటం లేదు, ఈసారి నాకు. వాడు సబ్బు చేత్తోనే నా ఫోను తీసుకుని, బొటనవేలితో 3, తర్వాత 7, వెతుక్కుని వెతుక్కుని నొక్కాడు. పంపడం తెలియక నాకిచ్చాడు. పంపాను.

మరుక్షణమే ఫోను మోగింది. నాలుగో నంబరు.

"ముప్పై ఏడు వచ్చింది సరే. ముప్పై ఆరూ, నీ నంబరేదీ? తొమ్మిదిన్నర దాటింది. అరగంట నుంచి చేస్తున్నా, ఎత్తవేం? మీ ఇంటికి మనిషిని పంపించబోతున్నా."

కంగారులో నాది పెట్టడం మర్చిపోయాను. బండి మీద ఫోను మోగింది వినపడలేదు.

"నడికుడిలో ఉన్నానండీ. చూద్దామని వచ్చాను. ఎదురుగానే ఉన్నాడు."

అటు పెన్ను మూత తీసిన చప్పుడు వినపడింది.

"సరే, ఇద్దరికీ టిక్కు పెట్టాను," అంది.