అత్త గోటి గుర్తు

మా అత్త చనిపోయింది. మా బాపుకు అక్క. చిన్న మంగళారం ఊళ్లో జెర్బెరా పూలు పెంచేది. మొన్న పొద్దున షీట్ కప్పిన పాలీహౌస్‌లో పూల బకెట్ల దగ్గర కూర్చుని, గుండెల్లో మంటగా ఉందంది. మామ పూల ట్రాలీ ఆటోలోనే చేవెళ్ల దవాఖానకు తీసుకెళ్లాడు. అక్కడ చూసి, ప్రాణం పోయిందన్నారు.

ఈ సంగతి పూల రైతుల గ్రూపులో పెట్టింది నేనే. చాలామంది దండం పెట్టే బొమ్మలు పంపారు. కొందరు ఆమె గురించి చెప్పమన్నారు. నలుగురి ముందు నిలబడితే నాకు నోరు పెగలదు. అందుకే ఫోన్‌లో రాస్తున్నాను. బడి మధ్యలోనే మానేసినవాణ్ణి, తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాది అక్కడికి దగ్గరే, మొయినాబాద్ వైపు ప్రొద్దుటూరు. బడి మానేశాక బాపు నన్ను అత్త దగ్గర పనికి పెట్టాడు. మొదటిరోజు చేతిలో కత్తితో పాలీహౌస్‌లోకి పోతే అత్త నవ్వింది. జెర్బెరాను కత్తితో కొయ్యరు. కాడ మొదట్లో పట్టుకుని కొంచెం పక్కకు వంచి లాగితే అదే ఊడి వస్తుంది. గట్టిగా గుంజితే మొక్క మొత్తం కదిలిపోతుంది.

"గుంజకురా అల్లుడా, అడుగు. అడిగితె అదే వస్తది," అనేది.

పువ్వును అడగడం ఏమిటో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. ఆమె చేతిలోకి మాత్రం పూలు అడిగినట్టే వచ్చేవి. కాడ ఊడిన చప్పుడు కూడా వినబడేది కాదు. తర్వాత ఒక్కో పువ్వుకు పల్చటి కవరు తొడిగి నీళ్ల బకెట్లో నిలబెట్టేవాళ్లం. మామ వాటిని పట్నం మార్కెట్‌కు తీసుకెళ్లేవాడు.

ఆ పూలు ఎక్కువగా పెళ్లి స్టేజీలకు పోతాయి. కొన్నేళ్ల కింద మా దగ్గర పాలీహౌస్‌లు చాలా ఉండేవట. ఆ తర్వాత బయటి దేశం నుంచి ఓడల్లో ప్లాస్టిక్ పూలు దిగడం మొదలైంది. డెకరేషన్ వాళ్లు ఒకసారి కొని, ఏడాదంతా అవే కట్టడం నేర్చుకున్నారు. మా చుట్టూ ఒక్కొక్క పాలీహౌస్ ఊడిపోయింది, ఆ జాగాల్లో ఫామ్‌హౌస్ ప్లాట్ల రాళ్లు లేచాయి. మామ కూడా అత్తతో చాలాసార్లు అన్నాడు.

"ఈ ముహూర్తాలకు గిన పూలు పోకపోతె షీట్ ఇప్పేస్త. ఇగ నాతోని కాదు."

"ఇప్పుతవు, ఇప్పుతవు. ముందుగాల బకెట్లు కడుగు," అనేది అత్త.

అత్తకు ఒక అలవాటు ఉండేది. ఎక్కడ పువ్వు కనబడినా రేక మీద బొటనవేలి గోరు నొక్కి చూసేది. నిజం పువ్వయితే గీత పడుతుంది, తడి అంటుతుంది. ప్లాస్టిక్‌దయితే ఏమీ కాదు. గండిపేట దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో మా బంధువుల పెళ్లి జరిగింది. అత్త అక్షింతలు వేసి కిందికి దిగకుండా, పెళ్లికొడుకు కుర్చీ వెనక పూల గోడను నొక్కుకుంటూ నడిచింది. వీడియో తీసే అతను కెమెరా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

మా చిన్నమ్మకు సిగ్గయింది. "వదినా! దీవెనలు పెట్టనీకి వచ్చినవా, తనిఖీ చెయ్యనీకి వచ్చినవా?"

"రెండిటికి వచ్చిన. పిల్ల బంగారం. పూలే ఉత్తయి," అంది అత్త. పెళ్లికూతురు తల వంచుకుని నవ్వు ఆపుకోలేకపోయింది.

ఒకసారి నేను ఉండబట్టలేక అడిగాను. "అత్తా, మన పాలీహౌస్ కప్పు గూడ ప్లాస్టిక్కే గద?"

ఆమెకు కోపం రాలేదు. పైకి చూసింది. "ప్లాస్టిక్ కింద పువ్వు బతుకుతది అల్లుడా. ప్లాస్టిక్కే పువ్వయితె మనమేడ బతుకుతం?"

ఆమె మాటొస్తే అందరూ ఆ మీటింగ్ సంగతే అడుగుతారు. నేను అక్కడే కుర్చీలు వేస్తున్నాను, కళ్లారా చూశాను.

పూల రైతులందరూ కలిసి పట్నం నుంచి ఒక పెద్ద నాయకుణ్ణి చిన్న మంగళారానికి పిలిచారు. బయటి నుంచి వచ్చే ప్లాస్టిక్ పూల మీద గట్టి పన్ను వేయించాలని అడగడానికి. చేవెళ్ల నుంచి, మొయినాబాద్ నుంచి రైతులు వచ్చారు. ఆ రోజు మంచి ముహూర్తం ఉంది. అందుకని ప్రతివాళ్లూ తమ పూలన్నీ తెల్లవారకముందే మార్కెట్‌కు పంపేశారు. స్టేజీకి పూలు ఇంకొకరు తెస్తారులే అని ఎవరికి వాళ్లు అనుకున్నారు.

ఎండెక్కాక స్టేజీ చూస్తే కళ్లు జిగేల్‌మన్నాయి. ముందంతా పూలు. ఎర్రవి, పసుపువి, తెల్లవి. అన్నీ ప్లాస్టిక్‌వే.

మా పూల రైతుల సంఘం పెద్దమనిషి, స్టేజీ కట్టిన టెంట్ హౌస్ అతని మీదికి పోయాడు. "ఏందిరా ఇది? మా ఇజ్జత్ తీయనీకే వచ్చినవా?"

"పూల రైతుల మీటింగ్ అంటిరి గదన్నా! అందుకే జర మంచిగ పెట్టిన. వేరే మీటింగయితె ఇన్ని పెడుతనా?" అన్నాడు పాపం అతను.

అప్పుడే రోడ్డు మీద కార్లు కనబడ్డాయి. "గుంజుండ్రిరా, గుంజుండ్రి! బండ్లొచ్చినయి!" అని అందరూ ఎగబడ్డారు. నేను కూడా ఒక ప్లాస్టిక్ పూల తీగ పట్టుకున్నాను. వెనక నుంచి అత్త గొంతు వినబడింది.

"ఎవ్వరు ముట్టకుండ్రి. ఉన్నది ఉన్నట్టే ఉండనియ్యుండ్రి."

ఆమె ఎందుకు అలా అందో ఎవరికీ తెలియలేదు. కానీ అందరి చేతులూ ఆగిపోయాయి.

నాయకుడు వచ్చి కూర్చున్నాడు. పెద్దమనిషి వినతిపత్రం ఇచ్చాడు. నాయకుడు రైతే రాజు అని మొదలుపెట్టాడు. ఆయన మాట పూర్తి కాకముందే అత్త కొంగు నడుముకు చెక్కుకుని స్టేజీ ఎక్కింది.

"సారూ, మీ ముంగటున్న పువ్వు మీద జర గోరు నొక్కుండ్రి."

ఆయన నవ్వుతూ నొక్కాడు.

"గీత పడ్డదా?"

"ఏడ పడుతదమ్మా? ఇది ప్లాస్టిక్..." అని సగంలో ఆగాడు.

"మేం పూలు పెంచెటోళ్లం సారూ. ఇది మా మీటింగే. మా స్టేజీ మీదికే అవి ఎక్కి కూసున్నయి. ఇగ పట్నంల పెండ్లిండ్లల్లకు రాకుంట మేమెట్ల ఆపుతం?"

మేం దాచాలనుకున్న సిగ్గును ఆమె తీసి బల్ల మీద పెట్టింది.

నాయకుడు మెల్లగా చెప్పాడు. "అమ్మా, ఇది ఢిల్లీల తేలే ముచ్చట. మనం ఒక దేశం సరుకు ఆపితె, వాళ్లు మన సరుకు ఆపుతరు. మన మిర్చి పోవాలె, మన బియ్యం పోవాలె. నువ్వనుకున్నంత అల్క గాదు."

"నిజమే సారూ, నాకు తెల్వదు. ఒక్కటే అడుగుత. ఉల్లిగడ్డకు రేటు వచ్చినప్పుడు బయటి దేశానికి పోవద్దని రాత్రికి రాత్రే ఆపిండ్రు. గప్పుడు ఏ దేశాన్ని అడిగిండ్రు? ప్రొద్దుటూర్ల మా తమ్ముని ఉల్లిగడ్డ కుప్పలనే మొలకలొచ్చినయి."

ఆ తమ్ముడు మా బాపే. ఆ కుప్ప నేను చూశాను. బాపు దాని పక్కన మంచం వేసుకుని, పడుకోకుండా కూర్చునేవాడు. నా బడి ఆగిపోయింది ఆ ఏడే. ఇంట్లో ఎవరమూ ఆ మాట ఎత్తం. అత్త దాన్ని మైకు ముందు చెప్పింది.

"పట్నంల పేదోళ్లకు అగ్గువకు దొరకాలె గదమ్మా," అన్నాడు నాయకుడు.

"దొరకాలె. వద్దంటలేను. మేం గూడ కొనుక్కోనే తింటం. గని అగ్గువ కావాలంటె మీ చెయ్యి మా మీదికే ఎందుకొస్తది సారూ? మాది బయటికి పోవాలంటె గేటు పెడ్తరు. బయటోనిది లోపలికొస్తె గేటు తీస్తరు. గేటు రెండు దిక్కుల ఒక్కతీరే ఉండాలె గద?"

ఆయన వినతిపత్రం మడిచి, ఢిల్లీకి రాస్తానన్నాడు. దిగేటప్పుడు ఆ ప్లాస్టిక్ పువ్వు తెంపి జేబులో పెట్టుకున్నాడు. అత్త స్టేజీ దిగి నేరుగా నా దగ్గరికి వచ్చి, "చాయ్ ఉన్నదారా?" అని అడిగింది. వేడి చాయ్ ఒక్క గుటకలో తాగేసి, ఖాళీ గ్లాసు మళ్లీ నోటికి పెట్టుకుంది. ఆమె కూడా భయపడిందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత కబురేమీ రాలేదు. ప్లాస్టిక్ పూలు వస్తూనే ఉన్నాయి. అత్త రోజూ పొద్దున్నే పూలను అడుగుతూనే ఉంది, పోయిన రోజు దాకా.

ఇంటి ముందు టెంటు కింద ఆమెను పడుకోబెట్టారు. మామ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "ఇగ ఎవలి కోసంరా? దినాలు కాంగనే షీట్ ఇప్పేద్దం," అన్నాడు. నేను పోయి పక్కన కూర్చున్నాను.

అంతలో ఒక కారు ఆగింది. లోపలి నుంచి ఒకతను గుండ్రటి పెద్ద పూలదండ పట్టుకుని దిగాడు. తెల్ల జెర్బెరాలు, మధ్యలో ఎర్ర గులాబీలు. "సార్ పంపిండు," అని ఆ నాయకుడి పేరు చెప్పి, అత్త కాళ్ల దగ్గర పెట్టి, దండం పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఏడుపులు తగ్గాయి. అందరూ దండనే చూస్తున్నారు. ఎవరి మనసులో ఏముందో నాకు తెలుసు, నా మనసులోనూ అదే ఉంది. పూలు మరీ తెల్లగా, మరీ నున్నగా ఉన్నాయి.

నేను లేచాను. అందరూ నా వైపు తిరిగారు. వంగి, ఒక తెల్ల రేక మీద గోరు నొక్కాను.

గీత పడింది. వేలికి తడి అంటింది.

మామ దగ్గరికి పోయి వేలు చూపించాను.

చిన్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ వచ్చింది. "ఓ వదినా, తనిఖీ నేను చేస్తున్న సూడు," అని ఒక రేక నొక్కి బోరుమంది. తర్వాత సంఘం పెద్దమనిషి వచ్చాడు. టెంట్ హౌస్ అతను వచ్చాడు. ఎవరూ చెప్పకుండానే ఒక్కొక్కరూ దండం పెట్టి, వంగి, గోరు నొక్కి జరిగారు.

ఒక దండ నిజం పూలదైనంత మాత్రాన పన్ను పడినట్టు కాదు. ఓడలు ఆగినట్టూ కాదు. అది నాకూ తెలుసు.

అందరి తర్వాత మామ లేచాడు. ఒక పువ్వు మీద గోరు ఆనించి చాలాసేపు తియ్యలేదు. తర్వాత నా వైపు తిరిగాడు.

"పొద్దుగాల కోత కాలేదు గదరా?"

"కాలే మామా."

"పూలు ముదిరిపోతయి. రేపు జల్ది లేవు. గుంజకు, పైలం."

అత్తను తీసుకెళ్లేటప్పుడు ఆ దండ ఆమె పాదాల మీద ఉంది. తెల్ల రేకల నిండా గోటి గీతలు, ఎండకు ఒక్కొక్కటే గోధుమ రంగుకు తిరుగుతూ.