నీలి మచ్చ పడిన గ్లాసు

పోయిన నెల ఒక సాయంత్రం మా కూతురి కూతురు బడి నుంచి వచ్చీ రాగానే, సంచి కూడా దించకుండా కొళాయి దగ్గర కూర్చుని తన నీళ్ల బాటిల్ మూతిని సబ్బు పెట్టి తోముతూ ఉంది. మూడో తరగతి పిల్ల. అన్నం తిన్న చెయ్యి కడుక్కోమంటేనే నాలుగుసార్లు చెప్పాలి. ఏమైందే అని అడిగాను. "నా పక్కన కూర్చునే పాప దీంట్లో తాగింది అవ్వా. వాళ్లు సాయిబులంట. బాగా తోమకపోతే నాతో ఆడుకోరంట మా క్లాసోళ్లు" అంది. ఆ పాప ఎదుటే అన్నారా అంటే అవునని తల ఊపింది.

నేను ఏడో తరగతితో బడి మానినదాన్నే గాని, పెళ్లయి ఆదోని వచ్చాక ఇక్కడి గ్రంథాలయంలో బీరువా తర్వాత బీరువా చదివినదాన్ని. ఏ పుస్తకం ఏ అరలో ఉందో లైబ్రేరియన్ నన్నే అడిగేవారు. ఆ గర్వంతోనే మతాల గురించి, మనుషులంతా ఒకటేనన్న సంగతి గురించి చాలాసేపు చెప్పాను. మా పాప మర్యాదగా విని, మళ్లీ తోమడం మొదలుపెట్టింది. అప్పుడు లోపలికి వెళ్లి, ట్రంకు పెట్టె అడుగు నుంచి ఒక స్టీలు గ్లాసు తెచ్చి దాని చేతిలో పెట్టాను. నా పేరు చెక్కిన గ్లాసు. అడుగున నీలంగా కాలిన మచ్చ.

మా పుట్టిల్లు ఎమ్మిగనూరు. మంత్రాలయం పోయే చుట్టాలందరికీ మా ఇంట్లోనే మజిలీ, అందుకని ఏటా ఎండాకాలంలో పరుపులు విప్పి దూది ఏకించేవారు. ఆ పనికి ఒక ముసలి దూదేకుల సాయిబు తాత వచ్చేవాడు. ఆయన దూదేకే విల్లు మోగుతుంటే వసారా అంతా దూది లేచి, సాయంత్రానికి నాకూ ఆయనకూ ఒకే రకం తెల్లజుట్టు. "ఏం ముసలమ్మా, మనవళ్లు బాగుండారా?" అని నన్ను పలకరించేవాడు. ఇంటిల్లిపాదీ పడుకునేది ఆయన కుట్టిన పరుపుల మీదే. నీళ్లకు మాత్రం ఆయనకు గోడ గూట్లో వేరే సత్తు గ్లాసు. ఎనిమిదేళ్ల నాకు అదేమీ వింతగా తోచలేదు.

ఒకరోజు నీళ్లు అడిగాడు. గూట్లో చూస్తే ఆ సత్తు గ్లాసులో బల్లి గుడ్లు. నా గ్లాసు వసారాలో నీళ్లకుండ మీద ఉంటే దాంతోనే ముంచి ఇచ్చాను. ఆయన తాగుతుండగా జేజి, అంటే మా నాయన తల్లి, వచ్చింది. "ఎవరిచ్చినారు ఆ గ్లాసు?" అంది. ఆ గొంతుకు భయపడి, "నేనియ్యలేదు జేజీ, తాతే తీసుకున్నాడు" అన్నాను. తాత నా వైపు ఒకసారి చూశాడు. "అవునమ్మా, దప్పికైతే నేనే ముంచుకుంటి. తప్పయింది" అన్నాడు. జేజి కుండలో నీళ్లు పారబోయించి, గ్లాసును చింతపండుతో తోమించి, ఆయన చూస్తుండగానే నిప్పుల మీద వేయించింది. ఆయన తల వంచుకుని పరుపు కుట్టుకుంటూ కూర్చున్నాడు. మర్నాడు గుడ్డ సంచిలో సొంత గ్లాసు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత నన్నెప్పుడూ ముసలమ్మా అనలేదు.

పాప ఆ మచ్చను గోటితో గీకి చూసింది. "తప్పయిందని ఆ తాతకు చెప్పినావా అవ్వా?" అంది. చెప్పలేదన్నాను. ఇంకో రెండు ఎండాకాలాలు వచ్చాడు. ఆయన గ్లాసులో నీళ్లు పోసింది నేనే. మూడో ఏడు ఆయన కొడుకు విల్లు భుజాన వేసుకుని వచ్చి, మా నాయన పోయినాడమ్మా అన్నాడు.

"నేనైతే నా పక్కన పాపకు రేపే చెప్తా" అంది పాప. మర్నాడు ముఖం చిన్నబుచ్చుకుని వచ్చింది. "చెప్పినా అవ్వా. పర్వాలేదులే అనింది. నీళ్లియ్యబోతే మాత్రం తాగలేదు. వాళ్లమ్మ వేరే బాటిల్ ఇచ్చి పంపించిందంట."

అప్పటి నుంచి రోజూ బాటిల్ నిండా పట్టుకుపోయి సగం నీళ్లు వెనక్కి తెస్తుంది. ఎందుకే అంటే, "అడుగుతానే ఉండా. ఎప్పుడో ఒకరోజు తాగుతాదిలే" అంటుంది. ఆ మిగిలిన నీళ్లు మల్లెపాదులో పోస్తున్నప్పుడల్లా, నాకు దొరికిన ఆ రెండు ఎండాకాలాలు ఎంత పొడుగైనవో గుర్తుకొస్తుంది.