సుగుణ టీచర్ టైపు చేసిన జాబితా

సుగుణ టీచరుకు ముక్కు మీద కోపం అని నాంపల్లిలో అందరూ అనేవారు. నిజమే. ఆ కోపం ఎందుకొచ్చిందో మాత్రం ఒక్కరూ అడగలేదు. నేను చెప్తాను, ఎందుకంటే అది నాకూ అంటుకుంది, ఇప్పటికీ దిగలేదు.

నా పేరు మనస్విని. మా నాన్న కిషన్‌కు నాంపల్లి స్టేషన్ దగ్గర సందులో, మేడ మీద, టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. మా అమ్మ పేరు మీద పద్మా టైపురైటింగ్ అని బోర్డు. తొంభై రెండులో సుగుణ టీచర్, అసలు పేరు సుగుణమణి, అక్కడ టైపు నేర్పడానికి చేరింది. మెదక్ నుంచి వచ్చిన క్రైస్తవుల ఇంటి మనిషి. కాటన్ చీర, ఎడమ చేతికి చనిపోయిన భర్త గడియారం. పన్నెండు మిషన్ల మధ్య చెక్క స్కేలు పట్టుకుని తిరిగేది. ఎవరైనా తల వంచి అక్షరాలు చూసి కొడుతున్నారా, వాళ్ల చేతుల మీద తువ్వాలు కప్పేది.

"కండ్లకు గాదు, చేతికి నేర్పుండ్రి. అడగంగనే చెయ్యి చెప్పాలె" అనేది. ఒక్కో వరుస యాభై సార్లు కొట్టించేది. ఏడ్చుకుంటూ కొట్టినవాళ్లు కూడా లోయర్, హయ్యర్ టైపు పరీక్షలు పాసై గుమాస్తాలయ్యారు.

రెండువేల ఒకటిలో ఆ మిషన్లన్నీ అఫ్జల్‌గంజ్‌లో పాత ఇనుము ధరకు పోయాయి. ఎనిమిది కంప్యూటర్లు వచ్చాయి, బోర్డు మీద ఇంటర్నెట్ అని రాయించారు. టీచర్ జాబ్ టైపింగు, స్కానింగు చూసుకునేది. కొన్నాళ్లకు నాన్న ప్లైవుడ్ క్యాబిన్లు కట్టించి, వాటికి ఆకుపచ్చ పరదాలు వేయించాడు. టీచర్ ఆ రోజే గొడవ పెట్టుకుంది.

"పరదాలెందుకు కిషన్ సార్? గీడ స్నానాలు చేస్తున్నరా?"

"ఆబిడ్స్‌ల అందరూ పెట్టిన్రు టీచరమ్మా. కస్టమర్లు అడుగుతున్నరు."

"ఏ కస్టమర్ అడిగిండో, ముందు వాణ్ణి మెట్లు దింపాలె."

నాన్న నవ్వేసి ఊరుకున్నాడు. నేనూ నవ్వాను. కాలేజీ అయ్యాక కౌంటర్లో కూర్చుని, ఎవరు ఎన్నింటికి లోపలికి వెళ్లారో చీటీ మీద రాయడం నా పని. పరదా వెనక ఎవరు ఏం చేస్తే మనకేంటి అనుకునేదాన్ని. ఆ నవ్వు గుర్తొస్తే ఇవాళ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఆదివారాలు టీచర్ ఆబిడ్స్ వెనక సందులో ఉన్న చిన్న చర్చిలో పిల్లలకు సండే స్కూలు చెప్పేది. వేసవి సెలవుల్లో పది రోజులు బైబిల్ బడి కూడా నడిపేవారు. ఆ బడిలో చేరే ప్రతి పిల్లా ఒక కార్డు నింపాలి. పేరు, వయసు, పుట్టినరోజు, చదివే బడి, ఇల్లు, చివరన ప్రార్థన మనవి. ఆ మనవులను చర్చిలో చదివితే, పెద్దలంతా కళ్లు మూసుకుని ఆ పిల్లల కోసం ప్రార్థించేవారు. నాలుగు గోడల మధ్య ఉన్నంతకాలం అది మంచి ఆనవాయితీయే.

రెండువేల నాలుగులో చర్చి పెద్ద హెన్రీ గారికి వెబ్‌సైటు ముచ్చట పుట్టింది. ఆయన రిటైరైన రైల్వే గుమాస్తా, మాట నెగ్గించుకునే మనిషి. పిల్లల కార్డులన్నీ వెబ్‌సైటులో పెడితే లోకమంతా మన పిల్లల కోసం ప్రార్థిస్తుందన్నాడు. కమిటీ అంతా తలకాయలూపింది. ప్రార్థించేవాళ్లకు పిల్లలు జవాబు రాసుకుంటారని చర్చి వాళ్లే వాళ్లకు ఈమెయిళ్లు కూడా తెరిపించి, వాటినీ ఆ జాబితాలో చేర్చారు. టైపు చేసింది మా సుగుణ టీచరే. నా పక్కనే కూర్చుని, మూడు రోజులు, ఎనభై ఆరు మంది పిల్లల వివరాలు కొట్టింది. ఒక్క తప్పు పోలేదు.

జూలైలో ఒక సాయంత్రం స్టెఫీ వచ్చింది. పదమూడేళ్ల పిల్ల, టీచర్ సండే స్కూల్లోదే. తల్లి యూనీస్ దవాఖానలో నర్సు. తండ్రి సామ్ సుందర్ తాగుతాడు. ఆ పిల్ల అప్పటికి నెల రోజులుగా నాలుగో క్యాబిన్‌కు వస్తోంది, చీటీలు రాసింది నేనే. ఆ రోజు మాత్రం ఒక ఫోటో తెచ్చి టీచరుకు ఇచ్చింది.

"టీచర్, గీ ఫోటో స్కాన్ చేస్తరా? మెయిల్‌ల పంపాలె."

"ఎవరికి బిడ్డా?"

"బ్రదర్ రాబర్ట్ అన్నకు. డాడీ తాగుడు బంద్ కావాలని రోజూ ప్రేయర్ చేస్తున్నడు. ఫోటో చూసుకుంట చేస్తే దేవుడు జల్ది వింటడంట."

టీచర్ ఫోటో బల్ల మీద పెట్టి, ఆ ఉత్తరాలు చూపించమంది. స్టెఫీ ఏ దాపరికమూ లేకుండా తెరిచింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ముందు బైబిల్ వాక్యాలు, ప్రార్థనలు. తర్వాత పుట్టినరోజు శుభాకాంక్షలు. తర్వాత బడి ఎన్నింటికి విడుస్తారు, ఎవరితో ఇంటికి వెళ్తావు అన్న ప్రశ్నలు. తర్వాత, మమ్మీకి చెప్పకు, రహస్యంగా చేసిన ప్రార్థనే ఫలిస్తుంది, చెప్తే డాడీ తాగుడు ఎప్పటికీ మానడు. చివరి ఉత్తరంలో, శనివారం నాలుగింటికి నాంపల్లి స్టేషన్లో పుస్తకాల కొట్టు దగ్గర ఉంటాను, తల మీద చేయి పెట్టి ప్రార్థిస్తాను, స్కూల్ డ్రెస్‌లో రాకు, గుర్తుపట్టడానికి ఫోటో పంపు.

టీచర్ మళ్లీ మొదటి ఉత్తరానికి వెళ్లి అక్కడే ఆగిపోయింది. "తండ్రి దురలవాటు నుండి విడుదల పొందులాగున" అని ఉంది అందులో. స్టెఫీ కార్డు మీద రాసింది "మా డాడీ తాగుతడు, మమ్మీ ఏడుస్తది" అని. అట్లా రాస్తే బాగుండదని టీచరే ఆ మాట మార్చి కొట్టింది. ఆ వాక్యం టీచర్ సొంతం. వాడు దాన్ని వెబ్‌సైటు నుంచి పొల్లుపోకుండా ఎత్తుకుని ఈ పిల్ల దగ్గరికి వచ్చాడు.

"వాడెవడో తెల్వకుండ జవాబెట్ల రాసినవ్ బిడ్డా?" అంది టీచర్.

"ప్రైజ్ ది లార్డ్ అన్నడు టీచర్. గట్ల అన్నోళ్లు మనోళ్లే, జవాబియ్యాలె అని మీరే చెప్పిన్రు గదా."

 టీచర్ ఆ పిల్లను దగ్గరికి తీసుకుంది. తర్వాత లేచి నాలుగో క్యాబిన్ పరదా పట్టుకుని లాగింది. కడ్డీతో సహా ఊడి వచ్చింది. వరసగా ఎనిమిదీ లాగేసింది. నాన్న పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది టీచరమ్మా, పిచ్చి లేసిందా?"

"ఔ, లేసింది. మళ్ల కడితే మళ్ల పీకుత."

శనివారం స్టెఫీని ఇల్లు కదలనివ్వలేదు. టీచరూ యూనీసూ స్టేషన్‌కు వెళ్లారు. పుస్తకాల కొట్టు దగ్గర ఇరవై మంది మగవాళ్లు నిలబడి ఉన్నారు. పేపరు చదివేవాడొకడు, టీ తాగేవాడొకడు. వాళ్లలో వాడున్నాడో లేడో ఎట్లా తెలుస్తుంది? ఉత్తరాలు ప్రింటు తీసి ఠాణాలో ఇస్తే, ఏమన్నా జరిగినాక రమ్మన్నారు. వాడు దొరకలేదు. ఈ ఊళ్లోనే ఎక్కడో తిని తిరుగుతుంటాడు. ఈ మాట రాస్తుంటే నా పళ్లు పటపటలాడుతున్నాయి.

అంతకన్నా మండే సంగతి చర్చి కమిటీది. జాబితా తీసేయమని టీచర్ అడిగితే హెన్రీ గారు మెత్తగా నవ్వాడు.

"ఒక్క పిల్ల చేసిన పనికి గంత మంచి పేజీ తీసేస్తమా సిస్టర్? అసలు గా పిల్ల జవాబెందుకు రాసింది? ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకొచ్చి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే. స్టెఫీని జర అదుపుల పెట్టుమని సామ్ సుందర్‌కు చెప్పిన."

చెప్పాడు. ఆ తాగుబోతు పిల్ల చదువు మాన్పించేస్తానని కూర్చున్నాడు. దొంగ ఎవడో తెలియలేదు గానీ, శిక్ష మాత్రం పదమూడేళ్ల పిల్లకు పడింది. స్టెఫీ బడికి పోకుండా వారం రోజులు ఇంట్లో ఉంది.

ఆ ఆదివారం టీచర్ నన్ను చర్చికి రమ్మంది. ఏం చెయ్యాలో చెప్పింది. నేను భయపడ్డాను. "నువ్వు గాకపోతే ఇంకోడు చేస్తడు మనస్వినీ" అంది. వెళ్లాను.

ఆ చర్చిలో పాటలయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది, ఎవరైనా లేచి తమ జీవితంలో జరిగింది చెప్పొచ్చు. టీచర్ లేచింది. పరలోకం ఊసెత్తలేదు.

"ఎనభై ఆరు మంది పిల్లల ఇంటి గుట్టు టైపు చేసి లోకానికి పంచింది ఈ చేతులే. తప్పు నాది, ఈ కమిటీది. స్టెఫీది గాదు. గా పిల్ల జవాబెందుకిచ్చింది అంటున్నరు. మనం నేర్పినం గనుక ఇచ్చింది. నమ్మకం లేదా? చూడుండ్రి."

తలుపు దగ్గర నిలబడ్డ నా వైపు చూసింది. నేను ఆ చర్చి మొహం ఎప్పుడూ చూసిన దాన్ని కాదు, స్టెఫీ ఇంటివాళ్లు తప్ప అక్కడ నన్నెరిగినవాళ్లు లేరు. ముందు వరుస చాప మీద కూర్చున్న ఒక ఏడేళ్ల పాప దగ్గరికి వెళ్లి వంగాను.

"ప్రైజ్ ది లార్డ్ పాపా. నీ పేరేంది?"

"ప్రైజ్ ది లార్డ్ అక్కా. ప్రిసిల్లా."

ఏ బడి అంటే చెప్పింది. ఇల్లెక్కడ అంటే గౌలిగూడలో ఏ సందో, గేటు రంగుతో సహా చెప్పింది. తాతకు షుగర్ అని నేను అడగకుండానే చెప్పింది. "తాత కోసం బయట ప్రేయర్ చేద్దాం, వస్తవా? ఎవరికీ చెప్పొద్దు" అన్నాను. లేచి నా వేలు పట్టుకుంది. ఇద్దరం బల్లల మధ్య నుంచి నడిచి, గడప దాటి, మెట్లు దిగి, రోడ్డు మీదికి వచ్చాం. రెండు వందల మంది చూస్తూ కూర్చున్నారు. ఒక్కరూ లేవలేదు. నా వేలు పట్టుకున్న ఆ చెయ్యి ఎంత నమ్మకంగా ఉందంటే, నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు లోపలి నుంచి హెన్రీ గారు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు. ప్రిసిల్లా ఆయన మనవరాలు. పిల్లను లాక్కుని నా మీద అరిచాడు.

"ఎవరు నువ్వు? ఎవరు నువ్వు?"

ఆయన వెనకే మెట్ల మీదికి వచ్చింది సుగుణ టీచర్.

"గా మాట పిల్ల అడగాల్సింది హెన్రీ గారూ. మనమే నేర్పలేదు."

ఆ సాయంత్రమే జాబితా వెబ్‌సైటు నుంచి పోయింది. సోమవారం హెన్రీ గారే సామ్ సుందర్ ఇంటికి వెళ్లి స్టెఫీని బడికి పంపించాడు. ఆ తర్వాతి ఆదివారం నుంచి, టీచర్ రిటైరయ్యే దాకా, సండే స్కూలు ఒకే పాఠంతో మొదలయ్యేది. "మీరెవరు? మమ్మీని అడిగి చెప్త." యాభై సార్లు, టైపు వరుసల్లాగే, అడగంగనే నోటికి వచ్చేదాకా. చెక్క స్కేలు పట్టుకుని ముందు నిలబడి పిల్లలచేత ఆ మాట అనిపించేది స్టెఫీ.