గుండ్రంలో ఇమడని ముఖం

బాపట్లలోని ఆ కంటి ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు ఫోన్‌లో నమోదు చేసుకుంటే చాలు, అంతా సులువు అని ఊదరగొట్టారు. ఆ యాప్‌కు తెరలు గీసిన ఘనుల్లో నేనూ ఒకదాన్ని. తెనాలిలో ఇంట్లో కూర్చునే గీశాను. పని పూర్తయిన రోజు ఆఫీసులో కేకు కోశారు. మా మేనత్త శాంతమ్మకు శుక్లాలు ముదిరేదాకా నేను ఆ ఆసుపత్రి గడప తొక్కలేదు. యాప్ నాదని అత్తకు చెప్పలేదు, పని సవ్యంగా అయ్యాక చెప్పి మురిసిపోదామని.

గురువారం అత్త రేపల్లె నుంచి పొద్దుటి బండికి తెనాలి వచ్చింది. ఏడున్నరకు ఇద్దరం బాపట్ల వైపు వెళ్ళే ప్యాసింజర్ ఎక్కాం. ఎదుటి సీట్లో వేమూరు రైతు ఒకాయన నా చేతిలోని ఫోన్ చూసి నవ్వాడు.

"నాకూ ఓ యాప్ ఎక్కించారండి. పేరడుగుద్ది, ఊరడుగుద్ది. నాకేం కావాలో మాత్రం అడగదు."

అది మేం చేసింది కాదులే అని ఊపిరి పీల్చుకున్నాను.

ఎనిమిదిన్నరకు బాపట్ల. స్టేషన్ బయట ఇడ్లీ ప్లేటు నలభై, చట్నీ పలచన. ఆసుపత్రికి ఆటో యాభై తీసుకున్నాడు. ఆపరేషన్లు గురువారమే, పదిలోగా నమోదు కావాలి. నమోదుకు ఫోన్‌కు ముఖం చూపాలి, దానికి మూడు అవకాశాలు. మూడూ పోతే మళ్ళీ వచ్చే వారమే. ఈ ఏర్పాటు కూడా మా బుర్రల్లో పుట్టిందే.

ఆసుపత్రిలో నమోదు చేయించే ఆయా ఫోన్ పైకెత్తి, "రెడీయా మామ్మగారూ?" అంది.

అత్త తలమీదికి కొంగు లాక్కుని, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. మా ఇళ్ళలో పెద్ద పని ఏదైనా అలాగే మొదలవుతుంది. మేమిచ్చింది పది సెకన్లు. దేవుడికి నమస్కారం చెప్పేసరికే ఒక అవకాశం పోయింది.

రెండోసారి, 'ముఖమును వృత్తమునందు నిలిపి రెప్పపాటు చేయుము' అంది ఫోన్. ఎంత చక్కటి తెలుగో! శుక్లాలున్న మనిషికి ఆ సన్నటి గుండ్రం ఎలా కనపడుతుందని మాలో ఒక్కరికీ తోచలేదు. "గుండ్రంలోకి చూడత్తా" అన్నాను, అత్త నా గొంతు వినిపించిన వైపు చూసింది. అదీ పోయింది.

"ఇంకొక్కటే ఉందా?" అని అత్త మళ్ళీ కొంగు కప్పుకుంది. నాకు ఏడుపొచ్చింది.

ఆయా మాత్రం తొందరపడలేదు. "కానీయండి మామ్మగారూ, మీ ప్రార్థన అయ్యాకే నొక్కుతాను" అని ఆగింది. ఆమెన్ వినపడగానే ఫోన్ పక్కన తాళాల గుత్తి గలగలలాడించి, "ఇటు చూసి కళ్ళు ఆర్పండి" అంది. పచ్చ టిక్కు పడింది.

"రోజూ ఇంతేనండి. ఇది చేసినోళ్ళు ఒక్క పూట ఇక్కడ కూర్చుంటే తెలిసేది" అంది నాతో. అవునండీ అన్నాను.

మధ్యాహ్నానికి ఆపరేషన్ అయింది. సాయంత్రం తెనాలిలో రేపల్లె బండికి మారాం. మీరెవరైనా ఆ ఆసుపత్రికి వెళితే యాప్‌ను నమ్ముకోకండి, ఆ ఆయా ఎక్కడుందో వెతుక్కోండి.

వేమూరు దాటాక, కంటికి కట్టుతో కూర్చున్న అత్త మెల్లగా అంది. "ఆ ఫోన్‌లోది తయారుచేసినోళ్ళ కోసం కూడా ప్రార్థన చేశానే అమ్మాయ్."

"ఏమని?"

"పాపం, వాళ్ళకీ చూపు రావాలని."

ఆమెన్ అన్నాను.