టీచరమ్మ ఐరిస్ కాడలు

మిత్రులారా, నమస్తే. గ్రూపులో ఇన్నాళ్లూ పలకనందుకు ఏమీ అనుకోకండి. మా పక్కింటి టీచరమ్మ పోయిన వారం చనిపోయారు. నిద్రలోనే, బాధ పడకుండా. ఏడ్చాను గానీ, మనసు మాత్రం తేలిగ్గానే ఉంది. ఎందుకో చెబుతాను.

శంషాబాద్‌లో నా కుండీల దుకాణాన్ని ఆనుకునే ఆమె ఇల్లు. నెత్తి మీదుగా విమానం పోతుంటే మాట ఆపేసి, చప్పుడు తగ్గాక ఆగిన అక్షరం నుంచే ఎత్తుకునేవారు. ఒకసారి నా బోర్డు మీద ‘కుండిలు’ అని రాస్తే సుద్దముక్కతో వచ్చి దిద్దారు. "దీర్ఘం తీస్తే కుండీ చిన్నగైతది బిడ్డా, ఎవ్వరు కొంటరు?"

ఆమెకు ఐరిస్ మొక్కలంటే ప్రాణం. తెల్లటి పూలు, నడుమ నీలం, ఒక్కరోజే ఉంటాయి. ఈమధ్య జబ్బు చేసి ఆమె దవాఖానలో ఉన్నన్ని రోజులూ నీళ్లు నేనే పోశాను. తిరిగొచ్చేసరికి తోట నీటుగా ఉండాలని, గులాబీకి చేసినట్టే, పూలు వాడిన కాడలన్నీ కోసేశాను.

వస్తూనే అడిగారు. "కాడలేవి?"

"కోసేసిన టీచరమ్మా. పూత అయిపోయింది గదా."

"అయ్యో! పూత అయినంకనే దాని అసలు పని. కాడ కొసకు పిల్లమొక్క పుడతది. బరువుకు వంగి మట్టి తాకితే వేరు పెడతది. గట్ల అడుగేసుకుంట పోతది. కుండీలమ్మెటోనికి గిది గూడ నేనే చెప్పాలె!"

నవ్వారు గానీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చర్చిలో తోటి ఆడవాళ్లకు తలా ఒక పిల్లమొక్క ఇస్తానని మాటిచ్చారట. "ఇగ వచ్చే పూత దాక నేనుంటనో లేనో."

దుకాణం వెనక్కి ఉరికాను. నా బద్ధకమే కాపాడింది. కాడలు చెత్తబండిలో వెయ్యకుండా నీళ్ల తొట్టి పక్కన నీడలో పడేశాను. కొసల్లో ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఒక్కోదాన్నీ చిన్న కుండీలో తడిమట్టికి ఆనించి, కదలకుండా రాయి పెట్టాను. ఆమె కుర్చీలోంచే అజమాయిషీ. "జర మెల్లగ! ఇటుక పెడుతున్నవా ఏంది?"

మూడు వారాలకు ఒక కుండీ ఆమె ఒళ్లో పెట్టాను. ఆకు పట్టుకుని మెల్లగా లాగారు. ఊడి రాలేదు.

"వేరు పట్టింది బిడ్డా! ఇగ పరేషాన్ గాకు."

ఆ తర్వాత నాలుగు రోజులే ఉన్నారు.

సమాధి చేసి వచ్చిన సాయంత్రం చర్చి ఆడవాళ్లకు కుండీలు ఇచ్చాను. తలొకటి చంకనెత్తుకుని, ఆకులు భుజాల మీద ఊగుతుంటే, నా దుకాణం ముందు నుంచి బారుగా నడిచి వెళ్లారు.

ఇంకా మూడు కుండీలున్నాయి, మీకే. మనం ఎప్పుడు కలుద్దాం?