లోపలి మిషన్లకు దారి వేసిన ల్యాబమ్మాయి

మేడమీది వాటాలో ఉండే ల్యాబమ్మాయి ఎవరెవరి కంప్యూటర్లలోకో దొంగతనంగా దూరి పట్టుబడిందనీ, ఉద్యోగంలోంచి మెడపట్టి గెంటేశారనీ వీధంతా కోడై కూస్తోంది. కిరాణా కొట్టు దగ్గర బయలుదేరిన మాట మందుల షాపు చేరేసరికి చేతులకు బేడీలు కూడా తగిలించుకుంది. ఉద్యోగం పోయిన మాట ఒక్కటే నిజం. మిగతాదంతా గాలి కబురు. అసలు జరిగిందేమిటో తెలియాలంటే ముందు ఆ పిల్ల చేసే పనేమిటో తెలియాలి. భయపడనక్కర్లేదు, అదేమీ బ్రహ్మవిద్య కాదు.

కంప్యూటర్లు నేర్పే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ల్యాబు చూసుకోవడం ఆమె ఉద్యోగం. ఎక్కడో దూరాన ఒక కంపెనీ పెద్ద పెద్ద మిషన్లు పెట్టి అద్దెకిస్తుంది. దాన్ని క్లౌడ్ అంటారు. పేరుకే మబ్బు, వానా లేదు, ఉరుమూ లేదు. అక్కడ ఒక మిషను అద్దెకు తీసుకుని, దాని కడుపులో మళ్ళీ చిన్న చిన్న మిషన్లు తయారుచేసి, చదువుకునే ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి ఇవ్వాలి. చేతికి తగిలేవి కావవి, ఉత్తుత్తి మిషన్లు. పని మాత్రం నిజం మిషన్లలాగే చేస్తాయి.

తయారుచేయడం బాగానే చేసింది. తీరా అందరూ కూర్చున్నాక చూస్తే లోపలి మిషన్లలో ఒక్కదానికీ ఇంటర్నెట్ లేదు. బయటి పెద్ద మిషనుకు నిక్షేపంలా వస్తోంది.

"మేడమ్, నాది చచ్చిపోయింది!" అన్నాడొకడు.

"నాది ఇంకా పుట్టనే లేదు మేడమ్!" అంది పక్క పిల్ల.

వాళ్ళు పగలబడి నవ్వుతుంటే ఈమెకు తల కొట్టేసినట్టయింది. ఇన్‌స్టిట్యూట్‌లో తన బల్లమీది కంప్యూటర్లో ఎలా చేసేదో అక్కడా అలాగే చేసింది మరి. లోపలి మిషన్లకు తలా ఒక అడ్రసు ఇచ్చి, నేరుగా వీధిలోకి వదిలినట్టు వదిలేసింది. బల్లమీద అది చెల్లింది, క్లౌడ్‌లో చెల్లలేదు.

ఎందుకు చెల్లదో ఆ సాయంత్రం కింది వాటా పిన్నిగారు అడిగి మరీ చెప్పించుకున్నారు. ఎవరి మొహం వాడినా కారణం తెలిసేదాకా ఆవిడకు ముద్ద దిగదు.

"అచ్చం మన ఇంటిలాగేనండీ పిన్నిగారూ" అంది ల్యాబమ్మాయి మెట్లమీద కూలబడి. "వీధిలోకి ఉన్న గుమ్మం మీ వాటాదొక్కటే. కొరియరువాడికి మీ డోర్ నంబరే తెలుసు. పైవాటా అని రాసిస్తే వాడు తిప్పి పంపేస్తాడు. అందుకే మేమంతా మీ నంబరు ఇస్తాం. మీరు తీసుకుని, ఎవరిది వాళ్ళకు అందిస్తారు."

"అందులో ఏముందో కూడా చూసి అందిస్తాను" అన్నారు పిన్నిగారు.

"మా మిషను అంతపని చెయ్యదు లెండి!"

మర్నాడు ఆమె అదే చేసింది. లోపలి మిషన్లు అడిగినవన్నీ బయటి మిషను తన అడ్రసుతోనే బయటికి పంపి, జవాబు రాగానే ఎవరిది వాళ్ళకు పంచేలా ఏర్పాటు చేసింది. ల్యాబు ల్యాబంతా చప్పట్లు కొట్టింది. అయితే ఇందులో ఒక చిక్కుంది. లోపల ఎవరేం చేసినా బయట పడే పేరు పెద్ద మిషనుది. ఆ మిషను ఉన్నదేమో ల్యాబమ్మాయి పేరున. అందుకే ఆ రోజు పాఠానికి ఇంటర్నెట్‌లోకి ఏ దారి కావాలో అదే తెరిచి, అయిపోగానే మూసేసేది.

ఆ కట్టుబాటు తప్పింది ఒక్కరి విషయంలోనే. అదే ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పే చిన్ననాటి స్నేహితురాలు. ఆ నోటికి అందరూ పెట్టిన పేరు గలగల. ఒకే కంచంలో తిని, ఒకే దుప్పట్లో పడుకుని పెరిగారిద్దరూ. ల్యాబమ్మాయి పూచీపడితేనే దానికి అక్కడ ఉద్యోగం దొరికింది.

"ఏమే, ప్రతి పాఠానికీ నీ గుమ్మంలో నిలబడి అడుక్కోవాలా? నా మిషనుకు దారులన్నీ తెరిచి పడెయ్యవే!" అంది గలగల.

"కుదరదే తల్లీ. నువ్వు తుమ్మినా అక్కడ నాకే జలుబనుకుంటారు."

"అబ్బో! నామీద కూడా కాపలానా? నేనేమన్నా నీ కొంప ముంచుతానా?"

ల్యాబమ్మాయి నవ్వేసి అన్నీ తెరిచింది. పెద్ద మిషను లోపలికి వెళ్ళే పాస్‌వర్డ్ కూడా చేతిలో పెట్టింది.

కొన్నాళ్ళకు క్లౌడ్ కంపెనీ నుంచి మెయిలొచ్చింది. మీ మిషను పరాయి మిషన్ల తలుపులు బద్దలుకొట్టాలని చూస్తోంది, అందుకే ఆపేశాం, కారకులెవరో తేల్చి వాళ్ళని దూరం పెడితేనే మళ్ళీ తెరుస్తాం అని. చదవగానే ల్యాబమ్మాయికి సంగతి అర్థమైంది. దారులన్నీ తెరిచి ఉన్నది ఒక్క గలగల మిషనుకే. పరుగెత్తుకెళ్ళి వరండాలో గలగలను పట్టుకుంది.

"మా మరిది ఏదో నేర్చుకుంటానంటే ఆ పాస్‌వర్డ్ ఇచ్చానే" అంది గలగల, కళ్ళు ఎటో తిప్పుకుని. "వాడిలా తగలడతాడనుకోలేదు. పొద్దున్న తెలియగానే భయమేసి ఆ లోపలి మిషను చెరిపేశాను. నువ్వు కంగారుపడకు. ప్రిన్సిపాల్ గారికి నేనే చెబుతా. నువ్వు ఊరికే పక్కన నుంచో, చాలు."

ఆ మాట పట్టుకునే ల్యాబమ్మాయి ఆయన గదిలోకి వెళ్ళింది. బల్లకు ఈవలగా ఇద్దరూ భుజం భుజం రాసుకునేలా నిలబడ్డారు.

"ఎవరి పని ఇది?" అన్నారాయన.

ల్యాబమ్మాయి స్నేహితురాలి వైపు చూసింది. గలగల గొంతు సవరించుకుంది.

"ల్యాబు సంగతులన్నీ ఆవిడే చూసుకుంటారండీ. పాఠం చెప్పడం తప్ప నాకు ఆ దారులూ పాస్‌వర్డ్‌లూ ఏమీ తెలియవు."

పుట్టి బుద్ధెరిగాక ఒసే, ఏమే తప్ప పిలవని నోటితో, ఆవిడట! ల్యాబమ్మాయికి ఆ గదిలో ఇంకెవరో ఉన్నారేమో అనిపించి, నిజంగానే వెనక్కి తిరిగి చూసింది.

"దారులు తెరిచింది మీరేనా?" ఆయన మళ్ళీ అడిగారు.

"నేనేనండీ."

"అయితే మీరు రేపటినుంచి రానక్కర్లేదు."

బయటికొచ్చాక గలగల ఆగలేదు. క్లాసుకు టైమైందంటూ చకచకా నడిచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఫోన్ చేస్తే ఎత్తలేదు.

వీధిలో కూతలు మితిమీరాక, ఆరేసిన బట్టలు తీసే వంకతో పిన్నిగారు మేడెక్కారు. ల్యాబమ్మాయి తలుపు దగ్గరే కూర్చుని ఉంది, తల కూడా దువ్వుకోలేదు. గుచ్చిగుచ్చి అడిగితే జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఏడవలేదు. అది చూసే పిన్నిగారు మండిపడ్డారు.

"నోట్లో నాలుక లేదా నీకు? అక్కడే, దాని మొహం మీదే, ఇది నీ పనే అని ఎందుకు అనలేదే?"

"మంచితనం మాత్రం కాదండీ పిన్నిగారూ" అంది ల్యాబమ్మాయి. "అది నోరు తెరిచాక కూడా, ఇప్పుడు చెబుతుంది, ఇప్పుడు చెబుతుంది అని చూస్తూనే ఉన్నాను. చెప్పదని తెలిసేసరికి నేను గుమ్మం బయట ఉన్నాను. చూపిద్దామంటే ఆ లోపలి మిషనూ లేదు, ఇప్పుడు నేను చెబితే ఉద్యోగం పోయిన కడుపుమంట అంటారు. మీరు చెప్పండి. వీధిలో ఒక్కరినీ వదలకుండా చెప్పండి."