చిన్న మోటారు కట్టేసిన రోజు

లక్షణంగా ఉన్న ల్యాప్‌టాప్‌ను నా చేతులతో నేనే చంపుకున్న కథ ఇది. మామూలుగా కాదు, అరగంట వాదించి, గెలిచి మరీ చంపాను.

మార్కాపురంలో మాది పలకరాతి దుకాణం. ఇంటి ముందు గోడకు ఏ రాయి అతికిస్తే ఎలా ఉంటుందో కంప్యూటర్లో ఇల్లు కట్టి, గిరగిరా తిప్పి చూపించాలని నా ఉబలాటం. మా ఆయనకు అది పిచ్చి. కొత్తిల్లు కడుతున్న కొమరోలు ఓబుల్‌రెడ్డి అన్న బేరం నా బొమ్మతో కుదిరితే సరి, లేకపోతే ఆ పెట్టె అటక మీదికేనని తేల్చేశారు.

అన్న వచ్చే రోజు పొద్దున కంప్యూటర్లో ఇల్లు తిప్పబోతే, అది ఎండలో బండి లాగిన ఎద్దులా మొరాయించింది. ల్యాప్‌టాప్ అమ్మిన ఖాదర్ భాయ్‌కి ఫోన్ చేశాను.

"దాంట్లో బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్పులు రెండుంటాయక్కా. చిన్నది రోజువారీ పనికి, పెద్దది బరువు పనికి. నీ బొమ్మ చిన్నదాని మీద నడుస్తా ఉంది. సెట్టింగుల్లో ఆ ఒక్క ప్రోగ్రాముకు పెద్దదాన్ని పెట్టు, చాలు."

చాలట. రాచర్ల దగ్గర మా నాయన పొలంలో రెండు బోర్లుండేవి. చిన్న మోటారు కట్టేస్తే గానీ పెద్దది వేయనిచ్చేవాడు కాదు. రెండూ కరెంటు పంచుకుంటే ఏదీ నీళ్లెత్తదు. అక్కడ పెరిగి, డిగ్రీ చదివినదానికి ఈయన మోటార్లు నేర్పడమా?

"చిన్నదాన్ని ఆపకుండా పెద్దదెట్ల లాగుతాది భాయ్?"

"ఇది బోరు కాదక్కా. చిన్నదాన్ని ముట్టుకోబాక."

ఎందుకో ఆయన చెప్పబోయాడు. నేను చెప్పనిస్తేగా? మా నాయన మీద ఒట్టేసి నెగ్గి, ఫోన్ పెట్టేశాను. వెతికి వెతికి చిన్నదాని పేరు పట్టుకుని, ఆపేయమని నొక్కాను. నిజంగా ఆపాలా అని అది అడిగింది. దానికున్న పాటి బుద్ధి నాకు లేదు. అవునన్నాను.

తెర నల్లబడింది. ఫ్యాను హోరెత్తింది. పెద్ద మోటారు ఊపందుకుందని నిమిషంపాటు సంబరపడ్డాను కూడా. రెండో నిమిషంలోనూ తెర వెలగలేదు. మూడో నిమిషంలో ఓబుల్‌రెడ్డి అన్న, వాళ్లావిడ దుకాణం మెట్లెక్కారు.

గబగబా తెరను నమూనా రాళ్ల పక్కన వెల్లకిలా వాల్చి, కీబోర్డు మీద తువ్వాలు కప్పి, పక్కకెళ్లి ఫోన్లో భాయ్‌కి నేరం ఒప్పుకున్నాను.

"బొమ్మ గీసేది పెద్దదే అక్కా. దాన్ని తెర మీదికి తెచ్చి పోసేది చిన్నది. నువ్వు పైపే కోసేసినావు," అని ఆయన మా దుకాణానికి బండెక్కాడు.

వెనక్కి తిరిగితే, ఓబుల్‌రెడ్డి అన్న నల్లటి తెరను అరచేత్తో నిమురుతున్నాడు.

"ఇదేం రాయమ్మా, ఇంత నునుపుండాది? మొగం కనపడతాంది."

"తుడిస్తే దుమ్ము పోతాది. గోడకు ఇదే ఏయిద్దాం," అంది వాళ్లావిడ.

మా ఆయన నోరు తెరవబోయారు. కాలు తొక్కాను.

భాయ్ వచ్చి, వాళ్లు మెచ్చిన రాయికి దుకాణంలోని టీవీ వైరు తగిలించేసరికి మొగుడూపెళ్లాలు బిత్తరపోయారు. చిన్నదాని పనిలేని ఆ దారిన టీవీలో బొమ్మ తెప్పించి, ఆయన చిన్నదాన్ని మళ్లీ లేపాడు. ఎర్రరాయి, పచ్చరాయి, బూడిదరాయి గోడలతో నా ఇల్లు బొంగరంలా తిరిగింది. అన్న ఓపిగ్గా అంతా చూశాడు.

"బొమ్మ బాగుందమ్మా. మాకు మాత్రం ఇందాకటి నలుపే కావాల."

మా దగ్గరున్న నునుపు పట్టిన నల్లరాయి చూపించాం, బేరం కుదిరింది. "నీ బొమ్మతో కాదు, బొమ్మ పోవడంతో," అన్నారు మా ఆయన. పోయిన తెర కూడా నాదేనని వాదించి ల్యాప్‌టాప్‌ను అటక ఎక్కకుండా కాపాడుకున్నాను.

ఆ నల్లరాయి మీద చేయి వేసి ఆరోజే ప్రమాణం చేశాను. చిన్నదాన్ని జన్మలో ఆపను. ఖాదర్ భాయ్ ఏం చెప్పినా చివరిదాకా వింటాను. విన్నాకే వాదిస్తాను.